క్యాంపర్ వ్యాన్‌లో మడత మంచం చెమ్మగిల్లి కుళ్లిపోతే ఎలా బాగుచేసుకోవాలి

మడత మంచాన్ని వ్యాన్ గోడకు పట్టి ఉంచే బందుల్లో (హింజ్‌లలో) ఏ ఒక్క స్క్రూ అయినా ఉత్త వేళ్లతో తిరుగుతోందంటే, ఆ రాత్రి ఆ మంచం మీద ఎవరినీ పడుకోనివ్వకండి. నాకు ఈ సంగతి అనంతగిరి దాటిన తరువాత, అరకు దారిలో కాఫీ తోటల పక్కన బండి ఆపుకున్న ఒక డిసెంబరు రాత్రి తెలిసింది. పరుపు ఎత్తి చూస్తే పలక పైభాగం చెక్కుచెదరలేదు. కానీ బందులు బిగించిన రీపరును, అంటే గోడకు అడ్డంగా ఉన్న పొడవాటి చెక్క పట్టీని, బొటనవేలితో నొక్కితే అది టీలో ముంచిన రస్కులా లోపలికి దిగబడింది. విశాఖలో చివరి వాన కురిసి అప్పటికి మూడు వారాలు దాటింది. అన్నాళ్లూ ఆ నీరు బయటికి పోయే దారి లేక అక్కడే నిలిచి ఉంది.

అంతకు ఏడాది ముందే ఆ రీపరును ఒక వర్క్‌షాపులో మార్పించాను. కొత్త చెక్క వేశారు, రంగు వేశారు, కిటికీ చుట్టూ సిలికాన్ పూశారు. నీరు ఎక్కడి నుంచి వస్తోందో మాత్రం ఎవరూ వెతకలేదు, వెతకమని నేనూ అడగలేదు. కుళ్లిన చెక్కను మార్చడం ఈ పనిలో చివరి సగం మాత్రమే. నీరు ఏ దారిన వచ్చిందో కనిపెట్టి, ఆ దారి మూసి, చెక్క నిజంగా ఆరిందని రుజువు చేసుకున్న తరువాతే రంపం పట్టుకోవాలి. కింద చెప్పిన వరుసను మార్చవద్దని నేను పట్టుబట్టేది ఇందుకే.

ట్రావెలర్ తరహా వ్యాన్‌ను క్యాంపర్‌గా మార్పించుకున్నవారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఈ బండ్లలో మంచం అంటే సుమారు ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ పలక. దాని ఒక అంచు, కిటికీ కింద గోడకు అడ్డంగా బిగించిన రీపరుకు బందులతో తగిలించి ఉంటుంది. రెండో అంచును పగలు పైకెత్తి గోడకు కొక్కెం పెడతారు, రాత్రి దించి మడత కాళ్ల మీదనో, పైనుంచి వేలాడే పట్టీల మీదనో నిలబెడతారు. ట్రైలర్ తరహా క్యాంపర్లలో బయటికి తెరుచుకునే మంచాలకు కూడా పద్ధతి ఇదే. వాటిలో గుడారం గుడ్డ కుట్లను అదనంగా చూసుకోవాలి.

పనికి తగిన కాలం, ముందు జాగ్రత్తలు

విశాఖపట్నంలో సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి మార్చి చివరి వరకు ఉన్న రోజులు ఈ పనికి అన్నిటికన్నా అనువైనవి. జూన్‌లో నైరుతి వానలు మొదలవుతాయి, అవి తగ్గాయనుకునేలోపు అక్టోబరు, నవంబరు నెలల వాయుగుండాలు వచ్చిపడతాయి. ఆ మధ్యకాలంలో విప్పిన చెక్క ఆరడం చాలా కష్టం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ ఉన్నా, ఆ వేడికి ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు పూత) కలిపిన గిన్నెలోనే గట్టిపడుతుంది. మొత్తం పనికి మూడు వారాలు కేటాయించుకోండి, అందులో రెండు వారాలు ఆరబెట్టడానికే పోతాయి.

చెక్కను కుళ్లబెట్టేది నీరు కాదు, నీరున్న చోట పెరిగే శిలీంధ్రం. చెక్కలో తేమ 20 శాతానికి లోపు ఉంటే అది పెరగలేదు, 28 లేదా 30 శాతం దాటితే విజృంభిస్తుంది. మన తీరంలో గాలి ఎప్పుడూ తేమగానే ఉంటుంది కనుక, బాగా ఆరిన చెక్కలో కూడా 14 నుంచి 16 శాతం వరకు తేమ మిగిలే ఉంటుంది. ఎండు ప్రాంతాల వారికి చెప్పే 10 శాతం కోసం మనం ఎదురుచూడనక్కర్లేదు. అయితే మన చెక్కకూ ఆ 20 శాతం గీతకూ మధ్య ఎడం చాలా తక్కువని, చిన్న లీకు కూడా ఆ గీత దాటించేయగలదని మరిచిపోకూడదు.

పని మొదలుపెట్టే ముందు గ్యాస్ సిలిండర్‌ను బండి నుంచి దించేయండి, 12 వోల్టుల బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పండి. పలక కింద రెండు గట్టి స్టూళ్లు ఆనించిన తరువాతే బందుల జోలికి వెళ్లండి. ఈ కొలతల్లో 18 మిల్లీమీటర్ల ప్లై పలక ఒక్కటే సుమారు 25 కిలోలు తూగుతుంది. కుళ్లిన రీపరు నుంచి అది ఒక్కసారిగా ఊడివస్తే పాదం నలుగుతుంది, కాబట్టి పలక దించేటప్పుడు తోడు ఒకరు ఉండి తీరాలి. బూజు పట్టిన చెక్కను కదిలించేటప్పుడు, గరుకు కాగితంతో రుద్దేటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకోండి.

కుళ్లు ఎంతవరకు పాకిందో చూడటం

పరుపు, గోడకు వేసిన ప్యానెల్, అంచు బీడింగు తీసేసి, సన్నటి స్క్రూడ్రైవర్‌తో రీపరు పొడవునా అంగుళానికొకసారి గుచ్చుతూ వెళ్లండి. గట్టి చెక్క మొనను ఆపుతుంది. కుళ్లిన చెక్కలోకి అది చప్పుడు లేకుండా దిగుతుంది, పైకి మీటితే చెక్క పొడవాటి పీచుగా లేవకుండా పొట్టిగా, పొడిపొడిగా విరుగుతుంది. తరువాత స్క్రూడ్రైవర్ పిడితో తట్టి వినండి. గట్టిచోట టకటకమనే మోత, కుళ్లినచోట బోలుగా, మెత్తగా మారుతుంది. ఆ హద్దు దగ్గర సుద్దముక్కతో గీత గీసి ఫోటో తీసి పెట్టుకోండి, ఎందుకంటే చెక్క ఆరిన తరువాత రంగు తేలిపోయి హద్దు తెలియదు.

బందుల కింది చెక్కను తప్పకుండా చూడండి. స్క్రూ రంధ్రం గుండా నీరు చెక్క నడిమికి చేరుతుంది కాబట్టి, పైన రంగు నిగనిగలాడుతున్నా లోపల గుల్లగా ఉండవచ్చు. మట్టి గొట్టాలు కనిపిస్తే అది చెదల పని. పిండి లాంటి సన్నటి పొడి రాలుతూ గుండుసూది రంధ్రాలుంటే చెక్కను తొలిచే పురుగు. ఈ రెంటికీ ముందుగా పురుగుల మందు వేయించాలి, లీకు మూసినంత మాత్రాన అవి పోవు. ప్లై పొరలు ఉబ్బి విడిపోయినా చెక్క గట్టిగానే ఉంటే, అది కుళ్లు కాదు, జిగురు నీటికి ఓడిపోవడం. మామూలు కమర్షియల్ ప్లై వాడిన పలకల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది, అటువంటి పలకను అతికించడానికి ప్రయత్నించకుండా మార్చేయడమే మేలు.

నీరు ఏ దారిన వస్తోంది

అసలు ఇది వాన నీరేనా అన్నది ముందుగా తేల్చుకోవాలి. లంబసింగి, అరకు వంటి చోట్ల చలికాలపు రాత్రి అద్దాలు బిగించుకుని ఇద్దరు పడుకుంటే, వారి ఊపిరితో, చెమటతో తెల్లారేసరికి ఇంచుమించు అర లీటరు నీరు గాలిలో కలుస్తుంది. అది చల్లటి రేకు గోడ మీద, పరుపు అడుగున చెమ్మగా దిగుతుంది. వాన లేని రోజుల్లో కూడా చెమ్మ కనిపించడం, అది ఒకచోట కాకుండా పలక అడుగంతా సమంగా పరుచుకోవడం, నల్లటి బూజు చుక్కలు రావడం దీని లక్షణాలు. వాన నీరు అలా కాదు. అది ఒక దారిన వచ్చి, ఆరినచోట అంచు ముదురుగా ఉండే టీ రంగు మరకను వదులుతుంది. చాలా బండ్లలో రెండూ ఉంటాయి, అందువల్ల ఒకటి దొరికిందని రెండోదాన్ని వదిలేయకూడదు.

వాన నీరయితే, మంచం కన్నా ఎత్తులో ఉన్న ప్రతి రంధ్రాన్నీ, ప్రతి అతుకునూ అనుమానించాలి: కిటికీ రబ్బరు, పైకప్పు గాలి ఫ్యాను చుట్టూ ఉన్న అంచు, లగేజీ క్యారియర్ బోల్టులు, వాన నీరు జారే గట్టర్ అతుకు, పందిరి గుడ్డ పట్టాల స్క్రూలు, సోలార్ పలక వైరు దిగే రంధ్రం. మంచం బందుల బోల్టులే గోడ రేకును దాటి బయటికి వచ్చి ఉంటే వాటిని కూడా ఈ వరుసలో చేర్చండి. రేకు లోపలి వైపుకు వచ్చిన నీరు నేరుగా కిందికి పడదు. కప్పు అడుగున ఉండే అడ్డకమ్మీల వెంట జారి, కిటికీ పక్క నిలువు కమ్మీ మీదుగా దిగి, ఎక్కడ అడ్డు తగిలితే అక్కడ ఆగుతుంది. కిటికీ కింద దానికి తగిలే మొదటి అడ్డు మన రీపరే.

పరీక్షకు ముందు బండిని రెండు మూడు రోజులు పూర్తిగా ఆరనివ్వాలి. లోపల ప్యానెల్ తీసిన గోడ మీద, కమ్మీల మీద, రీపరు పైఅంచున పొడి గుడ్డతో ముగ్గుపిండి పలుచగా అద్దండి. టాల్కమ్ పౌడరు కూడా పనికొస్తుంది. ఒక్క చుక్క నీరు జారినా ఆ పిండి మీద ముదురు చార గీసినట్టు పడుతుంది. ఇక బయటి నుంచి నీటి గొట్టంతో, కింది నుంచి పైకి తడపడం మొదలుపెట్టండి. ముందు బందుల బోల్టులు, తరువాత కిటికీ కింది అంచు, ఆపై కిటికీ పక్కలు, పైఅంచు, గట్టర్, చివరగా కప్పు. ఒక్కొక్క చోట పది నిమిషాలు ఆగాలి, లోపల ఒకరు టార్చిలైటుతో కనిపెట్టి ఉండాలి. పైనుంచి మొదలుపెడితే జారిన నీరు అన్నిటినీ ఒకేసారి తడిపేస్తుంది, అప్పుడు దోషి ఎవరో తేలదు. గొట్టం ధారను రబ్బరుకు ఆనించి గట్టిగా కొట్టవద్దు, అలా చేస్తే మంచి రబ్బరు కూడా లీకయినట్టు కనిపిస్తుంది.

నా బండిలో ఈ పరీక్ష రెండుసార్లు చేసినా ఒక్క చార కూడా పడలేదు. అప్పుడు తట్టింది, బండి చదునైన చోట నిలబడి ఉంది, కానీ ఘాట్ రోడ్డు మలుపుల్లో దాని శరీరం మెలితిరుగుతుంది. ముందు చక్రం ఒకదాన్ని నాలుగంగుళాల గట్టి చెక్క దిమ్మ మీదికి ఎక్కించి, హ్యాండ్‌బ్రేకు వేసి, వెనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి మళ్లీ తడిపాను. ఏడు నిమిషాలకు పిండి మీద సన్నటి చార దిగింది. నీరు కిటికీ నుంచి రావడం లేదు. మంచానికి నాలుగడుగుల అవతల ఉన్న క్యారియర్ బోల్టు దగ్గర దిగి, అడ్డకమ్మీ వెంట ప్రయాణం చేసి వస్తోంది. ఏడాది ముందు కిటికీ చుట్టూ పూసిన సిలికాన్ అంతా వృథా అయిందని ఆ క్షణంలో అర్థమైంది. శృంగవరపుకోట నుంచి పైకి ఎక్కే బండి ఎవరిదైనా, ఈ మెలి పరీక్ష చేయకుండా లీకు లేదని అనుకోవద్దని నా గట్టి మాట. దిమ్మ మీద ఉన్నంతసేపు బండి కిందికి ఎవరూ దూరకూడదు.

మరొక విషయం, తీరంలో ఉన్నవారికి ప్రత్యేకం. వాన ఎప్పుడూ పైనుంచే రాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు విశాఖలో నీరు అడ్డంగా వచ్చి, మూసిన తలుపుల సందుల నుంచి కూడా ఇళ్లలోకి చొరబడింది. అంతటి గాలి ఏటా రాకపోయినా, బీచ్ రోడ్డులో, రుషికొండలో, భీమిలిలో బండి నిలిపేవారికి గాలివాన మామూలే. కాబట్టి గాలి జాలీలు, వెంటిలేటర్ రెక్కల కింది వైపు నుంచి పైకి కూడా నీరు చల్లి చూడండి.

లీకును బయటి నుంచే మూయాలి

లోపలి వైపు ఎంత పూసినా ఫలితం ఉండదు, అది నీటిని రేకుకూ పూతకూ మధ్య నిలబెట్టి తుప్పు పట్టిస్తుంది. దోషం ఉన్న బోల్టునో, కిటికీనో పూర్తిగా విప్పండి. పాత సిలికాన్‌ను ప్లాస్టిక్ గీకుడుపుల్లతో, తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో ఆనవాలు లేకుండా తీయండి. సిలికాన్ జిడ్డు మిగిలిన చోట కొత్త సీలెంటు (సందులు మూసే బంక) కానీ, రంగు కానీ, చివరకు ఇంకో పొర సిలికాన్ కానీ అంటుకోదు. వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్‌ను రేకు మీద అసలు వాడవద్దు, అది గట్టిపడేటప్పుడు విడిచే ఆమ్లం ఇనుమును తినేస్తుంది.

రంధ్రం అంచున తుప్పు ఉంటే మెరిసే రేకు వచ్చేవరకు రుద్ది, జింక్ ప్రైమర్, ఆపై రంగు వేసి, ఒక రోజు ఆరనివ్వండి. ఎప్పుడైనా మళ్లీ విప్పాల్సి వచ్చే చోట్ల, అంటే కిటికీ చట్రం, ఫ్యాను అంచు, పట్టాల కింద, బ్యూటైల్ టేపు మంచిది. అది ఏళ్ల తరబడి గట్టిపడకుండా బంకలాగే ఉండి, బండి మెలితిరిగినా దానితోపాటు సాగుతుంది. స్క్రూలను ఒకేసారి బిగించకుండా, ఒక వరుస బిగించి, అరగంట ఆగి, అంచుల నుంచి బంక ఉబికి వచ్చిన తరువాత మళ్లీ కొద్దిగా బిగించండి. కప్పు మీద అతుకులకు, బోల్టు తలలకు పాలియూరెథేన్ సీలెంటు వాడండి. ఎండ తగిలే చోట దాని మీద రంగు కూడా వేయాలి. ఎం-సీల్ వంటి ముద్దలు గట్టిపడిన తరువాత రాయిలా ఉంటాయి కనుక, కదిలే అతుకుల దగ్గర పగులుతాయి. వాటిని నీటి పైపులకు ఉంచుకుందాం.

సీలెంటు చుట్టు మీద రాసినంత సమయం ఆరిన తరువాత, పైన చెప్పిన నీటి పరీక్షను, మెలి పరీక్షతో సహా, మొదటి నుంచి మళ్లీ చేయండి. ముగ్గుపిండి మీద చార పడలేదని కళ్లతో చూశాకే తరువాతి మెట్టుకు వెళ్లాలి.

ఆరబెట్టడం

పలకను నేరుగా ఎండలో పెడితే ఒక వైపు ముందుగా ఆరి వంపు తిరుగుతుంది. నీడలో, నాలుగు ఇటుకల మీద ఎత్తి పెట్టి, మధ్యాహ్నం పూట ఫ్యాను గాలి రెండు వైపులా తగిలేలా చూడండి. సాయంత్రం కాగానే కిటికీలు మూసేయండి. బండి గోడ కమ్మీల సందుల్లోకి కూడా చిన్న ఫ్యాను పెట్టాలి.

తేమ కొలిచే మీటరు ఉంటే మంచిదే, లేకపోతే వంటింటి త్రాసు చాలు. కుళ్లిన రీపరు నుంచి గట్టిగా ఉన్న చోట జానెడు ముక్క కోసి, దాన్ని పలకతో పాటే ఆరబెడుతూ, రోజూ ఒకే వేళకు తూచి రాసుకోండి. మొదటి రోజుల్లో బరువు గబగబా పడిపోతుంది, తరువాత నెమ్మదిస్తుంది. వరుసగా నాలుగు రోజులు ఒక్క గ్రాము కూడా తగ్గకపోతే చెక్క మన గాలితో సమానమైందని అర్థం. నాకు అందుకు పదమూడు రోజులు పట్టింది. అయిదో రోజుకే చేతికి పూర్తిగా పొడిగా తగిలింది, అప్పుడే రంగు వేసి ఉంటే లోపలి తేమను చేజేతులా బంధించినవాడినయ్యేవాణ్ణి.

ఎంత కోయాలి, ఎంత ఉంచాలి

బరువు మోసే చెక్కలో కుళ్లును దాచిపెట్టవద్దు. రీపరు మీద ఇద్దరు మనుషుల బరువు బందుల గుండా పడుతుంది, కాబట్టి అది ఒకచోట కుళ్లినా మొత్తం తీసి కొత్తది వేయండి. టేకు రీపరు దొరికితే దానికి సాటి లేదు, కానీ లేతపసుపు రంగు పైచెక్క లేని ముక్కను ఎంచుకోవాలి, ఎందుకంటే టేకులో కుళ్లును తట్టుకునేది ముదురు నడిమి భాగమే. పలకలో ఒక మూల మాత్రమే పోయినప్పుడు, సుద్ద గీత దాటి ఇంకో నాలుగైదు అంగుళాల గట్టి చెక్కతో కలిపి కోసేసి, ముక్క వేయవచ్చు. శిలీంధ్రపు దారాలు కంటికి కనిపించే కుళ్లు కన్నా ముందుకు పాకి ఉంటాయి. ఎపాక్సీ తాగించి నిలబెట్టడం అన్నది, బరువు పడని అలంకారపు అంచులకు, వేలెడు లోపు మెత్తబడిన చోట్లకు మాత్రమే తగిన పని.

కొత్త ప్లై కొనేటప్పుడు పలక మీద ఐఎస్ఐ ముద్రతో పాటు ఐఎస్ 710 అన్న అంకె చూసుకోండి. మెరైన్ ప్లై ప్రమాణం అది. దానిలోని జిగురు 72 గంటలు మరిగే నీటిలో ఉంచినా పట్టు విడవకూడదు. ఐఎస్ 303 ముద్ర ఉన్నవాటిలో ఎంఆర్ (తేమను కొంతవరకే ఓర్చుకునే) రకం ఇంటి లోపల పొడిగా ఉండే అల్మరాలకు సరిపోతుంది కానీ, ఈ పనికి కాదు. అయితే మెరైన్ ప్లై అయినా కోసిన అంచు తెరిచి ఉంటే నీరు తాగుతుందని, జిగురు గట్టిదైనంత మాత్రాన చెక్క కుళ్లకుండా ఉండదని మరిచిపోవద్దు.

ముక్కను అతికించేటప్పుడు రెండు అంచులనూ నిలువుగా ఆనించి అతికిస్తే ఆ గీత దగ్గరే విరుగుతుంది. పడవల పనివారు చేసినట్టు రెండు అంచులనూ ఏటవాలుగా చిత్రిక పట్టి ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టాలి. వాలు ఒకటికి ఎనిమిది ఉండాలి, అంటే 12 మిల్లీమీటర్ల ప్లైకి 96 మిల్లీమీటర్ల వెడల్పున వాలు రావాలి. ప్లై పొరలు వాలు మీద సమాంతరపు చారలుగా కనిపిస్తాయి. ఆ చారలు తిన్నగా ఉంటే వాలు సరిగ్గా వచ్చినట్టు, వంకరపోతే ఇంకా సరిచేయాలి.

కొత్త చెక్కకూ, మిగిలిన పాత చెక్కకూ వెలిగారం (బోరాక్స్) మందు పట్టించండి. లీటరు వేడి నీటిలో 90 గ్రాముల వెలిగారం, 60 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి, బ్రష్షుతో రెండు మూడు పూతలు తడిపితే శిలీంధ్రాన్నీ చెదలనూ అది అడ్డుకుంటుంది. చేతులకు గ్లవ్స్ వేసుకోవాలి, పిల్లలకు అందకుండా ఉంచాలి. ఇది నీటిలో కరిగే మందు, అందుకే దాని మీద నీరు పోని పూత తప్పనిసరి. మందు వేసిన చెక్కను మళ్లీ త్రాసు మీద బరువు నిలకడయ్యే వరకు ఆరబెట్టాలి.

ఎపాక్సీ పూత

విశాఖ ఫిషింగ్ హార్బర్ పరిసరాల్లో ఫైబర్ పడవలు బాగుచేసేవారిని చూస్తే ఈ పని సగం వచ్చేసినట్టే. నేను అక్కడ ఒక పెద్దాయన పని చేస్తుండగా గంటసేపు నిలబడి చూశాను. ఆయన కోసిన ప్లై అంచుకు రెసిన్ పూసి, అది ఇంకిపోగానే మళ్లీ పూసి, మూడోసారి కూడా ఇంకిపోతే ఆగి, "తాగినంతసేపు తాగనీయండి బాబూ, అది వద్దన్నాకే రంగెయ్యండి" అన్నారు. ఆయన వేలితో అంచును తాకి చూపించారు. మూడు పూతల తరువాత కూడా కొన్ని పొరలు మసకగా, పొడిగా ఉన్నాయి, నిండిన పొరలు మాత్రం తడి గాజులా మెరుస్తున్నాయి. ఏ పొరా మసకగా లేనప్పుడే అంచు మూసుకున్నట్టు.

ఎపాక్సీని, గట్టిపరిచే ద్రవాన్ని తయారీదారు చెప్పిన నిష్పత్తిలోనే, త్రాసు మీద తూచి కలపాలి. త్వరగా గట్టిపడాలని రెండోది ఎక్కువ పోస్తే ఎప్పటికీ జిగటగా మిగిలిపోతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే గట్టిపడే వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది కాబట్టి, మన ఊళ్లో ఉదయం ఎనిమిది లోపు, ఒకసారికి వంద గ్రాములకు మించకుండా కలిపి, లోతు గిన్నెలో కాకుండా వెడల్పాటి పళ్లెంలో పరచుకోండి. గిన్నెలో మిగిలినది పొగలు కక్కేంత వేడెక్కుతుంది, దాన్ని ఆరుబయట ఇసుక మీద పెట్టండి. ఆరిన పూత మీద మైనంలా జిడ్డు పొర తేలితే, నీటి గుడ్డతో తుడిచి, గరుకు కాగితం పట్టిన తరువాతే తరువాతి పూత వేయాలి.

స్క్రూ రంధ్రాలే నీటికి సింహద్వారాలు, కాబట్టి వాటికి వేరే శ్రద్ధ కావాలి. 6 మిల్లీమీటర్ల బోల్టు పోయే చోట 12 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, అడుగున టేపు అతికించి, దాన్ని ఎపాక్సీతో నింపండి. రెండు రోజుల తరువాత దాని నడుమ 6 మిల్లీమీటర్ల రంధ్రం తొలవండి. ఇప్పుడు బోల్టు చుట్టూ ఉన్నది ఎపాక్సీ గొట్టమే, నీరు వచ్చినా చెక్కను తాకదు.

బందులు బిగించడం, బరువు పరీక్ష

రీపరును గోడ రేకుకు స్క్రూలతో కాకుండా లోపలి కమ్మీలకు బోల్టులతో బిగించండి. సముద్రపు ఉప్పుగాలికి మామూలు ఇనుప బోల్టు నిలవదు. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో 316 రకం 304 కన్నా ఉప్పును బాగా ఓర్చుకుంటుంది. అల్యూమినియం చట్రానికి స్టెయిన్‌లెస్ బోల్టు నేరుగా తగిలితే తడిలో అల్యూమినియం తినుకుపోతుంది, అందువల్ల మధ్యలో నైలాన్ వాషరు వేయాలి. రెండు మూడు విడి బందుల కన్నా, పియానో హింజ్ అని అడిగితే ఇచ్చే పొడవాటి బందు బరువును పొడవునా పంచుతుంది. రీపరు పైఅంచును చదునుగా వదలకుండా గది వైపుకు కొద్దిగా వాలుగా చిత్రిక పట్టండి. ఎప్పుడైనా నీరు వచ్చినా నిలవకుండా మీ కంటపడేలా ముందుకు జారుతుంది.

మనుషులు ఎక్కే ముందు మంచం మీద బియ్యం బస్తాలు పరచండి. ఇద్దరి బరువు 150 కిలోలనుకుంటే, అంతకన్నా కొంత ఎక్కువే ఉండేలా 25 కిలోల బస్తాలు ఎనిమిది పెట్టాలి. ముందుగా పలక అడుగున ఒక దారాన్ని బిగువుగా కట్టి, మధ్యలో పలకకూ దారానికీ ఉన్న ఎడాన్ని కొలవండి. గంట తరువాత, బస్తాలు దించిన తరువాత మళ్లీ కొలవండి. బరువు దించాక పలక మొదటి చోటికే రావాలి, బందుల దగ్గర వెంట్రుకవాసి సందు కూడా తెరుచుకోకూడదు.

పరుపు కింద గాలి ఆడేలా పలకకు జానెడుకొకటి చొప్పున అంగుళం వెడల్పు రంధ్రాలు వేసి, వాటి లోపలి అంచులకు కూడా ఎపాక్సీ తాగించండి. పరుపు కింద కొబ్బరిపీచు పట్టా పరిస్తే చెమ్మ నిలవదు, కానీ ప్రయాణం నుంచి రాగానే ఆ పట్టాను ఎండలో వేయాలి. తడి పరుపుతో మంచాన్ని ఎత్తి గోడకు బిగించవద్దు. చలిరాత్రి కూడా ఎదురెదురు కిటికీలు రెండు వేళ్ల వెడల్పున తెరిచి ఉంచండి.

ప్యానెల్‌ను తిరిగి మూసేటప్పుడు బందుల దగ్గర అరచేతి పొడవు ముక్కను మేకులు కొట్టకుండా, రెండు స్క్రూలతో ఊడదీయడానికి వీలుగా ఉంచండి. దాని వెనుక, రీపరు వాలు మీద తెల్ల కాగితపు పట్టీ ఒకటి అతికించి తేదీ వేయండి. జూన్ మొదటి వారంలో ఒకసారి, దసరా సెలవుల ప్రయాణానికి ముందు ఒకసారి, ఘాట్ దిగి వచ్చిన ప్రతిసారీ ఆ ముక్క విప్పి చూడండి. కాగితం మీద టీ రంగు అంచు కనిపిస్తే, చెక్క ఇంకా గట్టిగా ఉండగానే ముగ్గుపిండి, నీటి గొట్టం బయటికి తీయవచ్చు.